ముప్పై ఎనిమిదో వంక

వంకలత్తయ్యకు ఆ పేరు పెట్టింది కూరగాయల బండి అతను. పెట్టక ఏం చేస్తాడు పాపం. కిలో టమాటాలు కొనడానికి వచ్చి ఆవిడ బండి మీదున్న సరుకంతా మూడు కుప్పలు పోసేది. "ఇవి నొక్కులు పడ్డవి. ఇవి గీతలు పడ్డవి. ఇవి రేపటికి మెత్తబడేవి" అని చెప్పి, అప్పుడు కిలో తూయించుకునేది. మూడు కుప్పల్లోంచీ తీసుకునేది, అదీ విడ్డూరం. ఏరి పారేయడం ఆవిడ ఉద్దేశం కాదు. ఏది ఎలా ఉందో అందరికీ తెలియాలి, అంతే. ఒకరోజు అతను ఉండబట్టలేక, "అత్తయ్యా, రేపొక్క రోజు ఆ వంకలు ఇంట్లో పెట్టి రండి" అన్నాడు. వీధంతా విన్నది. ఆ రోజు నుంచి ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

అలవాటు ఊరికే రాలేదు లెండి. రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర ఇరవై ఏడేళ్లు నిలబడ్డ మనిషి. కుట్టు తప్పిన చోట ఒక ఎర్ర బాణం స్టిక్కరు, గుండీ వదులైన చోట ఇంకొకటి, నూలు పోగు లేచిన చోట మరొకటి. రిటైరైన రోజున తోటివాళ్లు తలా కొంత వేసుకుని గోడగడియారం ఇస్తే, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది, అందరినీ కౌగిలించుకుంది, ఆ తర్వాత గడియారం చట్రం మీద నాలుగంకె పక్కనున్న గీత దగ్గర ఒక ఎర్ర బాణం అంటించింది. గడియారం ఆగిపోయి రెండేళ్లయింది. బాణం మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.

ఆవిడ భర్త ముప్పై అయిదేళ్లు డ్రైక్లీనింగ్ షాపు నడిపాడు. సిరా, గ్రీజు, కాఫీ, తారు, ఏదైనా సరే ఆయన చేతిలో పడితే వదలాల్సిందే. మరక కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఒకసారి బస్సులో ముందు సీటు పెద్దమనిషి కాలరు మీద కూర మరక చూసి, జేబులోంచి దూది తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆ పెద్దమనిషెవరో ఈయనకు తెలియదు. సరే, ఇంట్లో ఒకరు మరకలు వెతుకుతారు, ఇంకొకరు తుడుస్తారు. నలభై ఏళ్ల కాపురం ఆ లెక్కన హాయిగా సాగిపోయింది. ఆ హాయికి గండి పడిన కథే ఇది.

ఆవిడ మరిది అద్దె పుస్తకాల కొట్టు మూసేస్తూ రెండు ఆటోల నిండా పుస్తకాల బస్తాలు తెచ్చి వదినగారి ముందుగదిలో దింపాడు. "వారం రోజులు వదినా, ఎవరికైనా తూకానికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ వారం ఆరేళ్లుగా నడుస్తోంది. మొదటి ఏడే సెలవులకు వచ్చిన కూతురు బస్తాల మధ్య కాలు పెట్టడానికి చోటు లేక విసుగెత్తి, తల్లి ఫోనులో పాత పుస్తకాలు అమ్మే యాప్ ఒకటి పెట్టింది. "ఫొటో తీసి పెట్టమ్మా. కింద పుస్తకం ఎలా ఉందో రాయాలి" అంది.

"ఎలా ఉందో అంటే?"

"అదే, ఎక్కడైనా చిరిగిందా, మరకలున్నాయా, అలాంటివి."

"ఎన్ని రాయొచ్చు?"

తల్లి కళ్లు వెలిగాయి. కూతురు అప్పుడే జాగ్రత్తపడాల్సింది. "ఎన్నైనా రాసుకో" అనేసింది.

ఆ యాప్‌లో అయిదు మెట్లున్నాయి. కొత్తదిలా ఉంది, చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, చదువుకోవచ్చు. మిగతా అమ్మేవాళ్లంతా కళ్లు మూసుకుని 'చాలా బాగుంది' నొక్కేసేవాళ్లు. అట్ట ఊడి చేతికొచ్చినా చాలా బాగుందే. అవి చూస్తే వంకలత్తయ్యకు ఒళ్లు మండిపోయేది. "ఏం బాగుంది? ఎక్కడ బాగుంది? ఎవరికి బాగుంది?" అని ఫోనునే నిలదీసేది. ఆరేళ్లలో 'కొత్తదిలా ఉంది' అన్న మెట్టు ఆవిడ ఒక్కసారీ నొక్కలేదు. ప్రెస్సులోంచి వేడివేడిగా తెచ్చిచ్చినా నొక్కేది కాదేమో.

ఆవిడకో పద్ధతుంది. కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, ముందు పుస్తకాన్ని మూసి ఉంచి నాలుగు మూలలూ వేలితో తడమాలి. వెన్ను నిటారుగా ఉందా, ఒక పక్కకి ఒరిగిందా చూడాలి. తర్వాత కుట్టు. తర్వాత ఒక్కో పేజీ. చివరన కళ్లు మూసుకుని వాసన. అంతా పొడుగాటి రిజిస్టరులో ఎక్కించి, అప్పుడు ఫోనులో కొట్టేది. ఒక తోటపని పుస్తకం గురించి ఆవిడ రాసిందిది:

"మెట్టు: బాగుంది. అట్ట మీద గ్లాసు పెట్టిన గుండ్రటి మరక, ముప్పావు చుట్టు. వెన్ను పైకొస ఎండకు వెలిసింది, కిందికొస రంగు నిలిచింది. పంతొమ్మిదో పేజీ పైమూల మడత, విప్పాను, గీత పోలేదు. తుప్పురంగు చుక్కలు మొత్తం నలభై ఒకటి. నలభై రెండోది అనుకున్నది చీమ, వెళ్లిపోయింది. ఎనభయ్యో పేజీలో మట్టి, గులాబీల పాఠం దగ్గర, కాబట్టి సమంజసమే. వాసన: కలరా ఉండలు వేసిన బీరువా. పేజీలన్నీ ఉన్నాయి. లెక్కపెట్టాను, రెండుసార్లు."

జనం పడి చచ్చారు. కొనేవాళ్లు కొన్నారు, కొననివాళ్లు కూడా పొద్దున లేవగానే ఇవే చదివేవాళ్లు. ఒకాయన "పుస్తకం వద్దండీ, వర్ణన ఒక్కటీ ఇస్తారా" అని అడిగాడు. ఈవిడ ఏమాత్రం నవ్వకుండా, "వర్ణన ఆ పుస్తకానిదండీ, విడిగా ఇవ్వడం కుదరదు" అని జవాబు పెట్టింది.

ఈ పిచ్చి పుస్తకాలతో ఆగుతుందా మరి. కూతురు తాను పెళ్లాడబోయే అబ్బాయిని మొదటిసారి ఇంటికి తెచ్చి, అతను వెళ్లాక, "ఎలా ఉన్నాడమ్మా" అని ఆశగా అడిగింది. "ఎడమ చెవి పైన చిన్న మడత. నవ్వితే ఒక పన్ను ముందుకొస్తుంది. మిగతా అంతా బాగుంది" అంది తల్లి. 'చాలా' అనొచ్చుగా అని కూతురు గునిస్తే, "లోపలి పేజీలు ఇంకా చూడలేదుగా" అంది. భర్త గురించి ఎవరైనా అడిగితే, "వెన్ను వంగింది, అట్ట వెలిసింది, పేజీలన్నీ ఉన్నాయి" అనేది. ఆయన అది విని ముసిముసిగా నవ్వుకునేవాడు. ఆవిడ నోట అది ఎంత పెద్ద మెచ్చుకోలో ఆయనకు తెలుసు.

పుస్తకం అందుకున్నవాళ్లు యాప్‌లో రెంటిలో ఒక మాట నొక్కాలి. 'వర్ణించినట్టే ఉంది', లేదా 'వర్ణించినట్టు లేదు'. ఆరేళ్లలో ఆవిడ పంపింది వెయ్యిన్ని మూడువందల పదకొండు పుస్తకాలు. వచ్చింది వెయ్యిన్ని మూడువందల పదకొండు సార్లు 'వర్ణించినట్టే ఉంది'. ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లలో ఒక్కరు కూడా ఆవిడతో "నువ్వు సరిగ్గా చూశావు" అనలేదు. చొక్కాలు అలా వెళ్లిపోయేవి, అంతే. ఇక్కడ రోజూ ఎవరో ఒకరు అంటున్నారు. పొద్దున కాఫీ తాగుతూ ఆ వరసంతా పైనుంచి కిందికి చదువుకునేది. ఆవిడకు దాన్ని మించిన సంతోషం లోకంలో లేదు.

అలాంటి రోజుల్లో ఒక బస్తా అడుగున ఈత నేర్పే పుస్తకం ఒకటి బయటపడింది. యాభై ఏళ్ల నాటిదైనా నిక్షేపంలా ఉంది. తెరిస్తే మాత్రం అంచుల నిండా పెన్సిల్ రాతలు. ఎవరో ఆ పుస్తకం రాసినాయనతో పేజీపేజీకీ తగువు పెట్టుకున్నారు. మొదటి పేజీలోనే, "పక్కన కాలవ, ఇంట్లో నడక వచ్చిన పిల్ల. నేర్చుకోక చస్తానా" అని ఉంది. అయిదో పేజీలో ఆయన 'నీరు మన స్నేహితుడు' అంటే, పక్కన "స్నేహితుడు ముక్కులోకి దూరడు" అని ఉంది. పన్నెండులో, "మీరు చెప్పినట్టే చేశా. మునిగాను." పదమూడులో, "మళ్లీ చేశా. మళ్లీ మునిగాను. పేజీ తిప్పక చస్తానా." ఇరవై ఆరో పేజీ బొమ్మలో ఒకాయన నడుముదాకా నీళ్లలో చేతులు చాచి నవ్వుతున్నాడు. బొమ్మకు బాణం వేసి, "వీడు మెట్ల మీద నిలబడి ఫొటో తీయించుకున్నాడు. కాళ్లు చూపించమనండి" అని రాశారు.

వంకలత్తయ్య నవ్వి నవ్వి స్టూలు మీంచి జారింది. భర్త వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ నవ్వుతూనే రాతలన్నీ లెక్కపెట్టింది, ముప్పై ఏడు. పేజీ అంకె వేసి, అక్షరం పొల్లుపోకుండా అన్నీ రిజిస్టరులో ఎక్కించింది. ఆఖరిది ఎనభై ఎనిమిదో పేజీలో, వెల్లకిలా తేలడం నేర్పే చోట ఉంది. "తేలాను" అని ఒకే మాట, ఇంతింత లావు అక్షరాల్లో. ఆ మాట కింద కాగితం వేలికి గరుకుగా తగిలింది. ఎందుకో ఎంత చూసినా ఆవిడకు అంతుపట్టలేదు. "గరుకు, కారణం తెలియదు" అని రాసింది. రిజిస్టరు మొత్తంలో కారణం తెలియదు అన్నది అదొక్కటే, అది ఆవిడకు పంటికింద రాయిలా ఉండిపోయింది.

"పాపం, ఈ రాతలు లేకపోతే 'చాలా బాగుంది' అనేదాన్ని" అంది భర్తతో. "వీటివల్ల రెండు మెట్లు దిగి 'ఫర్వాలేదు' దగ్గర ఆగింది." మచ్చుకి నాలుగు రాతలు వర్ణనలో పెట్టి అమ్మకానికి ఉంచింది. గంట తిరక్కముందే ఎవరో కొనేశారు. పుస్తకాన్ని కాగితం చుట్టి పంపే పని ఎప్పుడూ భర్తది. ఆయన చెవిలో ఆ 'పాపం' అన్న మాట పడి ఉంది. అదే కొంప ముంచింది.

పది రోజుల తర్వాత ఒక పొద్దున, ఫోను తెరిచిన వంకలత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. వరసలో అన్నిటికంటే పైన ఎర్రటి అక్షరాల్లో 'వర్ణించినట్టు లేదు' అని ఉంది. కింద రెండు వాక్యాలు. "మీరు రాసిన పెన్సిల్ రాతలు ఇందులో ఒక్కటీ లేవు. నేను కొన్నది వాటికోసమే."

"ఏమండీ" అంది. "ఈత పుస్తకంలో రాతలు లేవట."

ఆయన ప్యాకింగ్ కాగితం మడుస్తున్నాడు. మడిచిన మడతనే విప్పి మళ్లీ మడిచాడు.

"మిమ్మల్నే."

"ఉండవు" అన్నాడాయన, కాగితంతో చెబుతున్నట్టుగా.

"ఉండవంటే?"

"తీసేశా. మెత్తటి రబ్బరుతో. నువ్వు కునుకు తీసినప్పుడల్లా కూర్చుంటే మూడు మధ్యాహ్నాలు పట్టింది. కాగితం ఎక్కడా నలగలేదు."

"ఎవరు తీయమన్నారు?"

"పాపం అన్నావుగా. రెండు మెట్లు దిగిందన్నావు. ఎక్కిద్దామనుకున్నా. కొన్నావిడ కూడా సంతోషిస్తుంది కదా, అనుకున్నదానికంటే మంచి పుస్తకం వచ్చిందని."

వంకలత్తయ్య బస్తా మీద కూలబడింది. అరిచి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. అరవలేదు. "నేను ఉన్నది ఉన్నట్టు రాశాను" అంది మెల్లగా. "దాన్ని మీరు అబద్ధం చేశారు. ఇన్నేళ్లలో నా చేత ఒక్క అబద్ధం ఆడించినవాళ్లు లేరండీ." ఆయన ముఖం పాలిపోయింది. జీవితంలో ఎన్ని మరకలు చూశాడో, ఎలా తీయాలో తెలియనిది మాత్రం ఇదే మొదటిది.

ఆవిడ కాసేపటికి ముక్కు చీది, కొన్నావిడకు ఫోను చేసింది. కళ్లద్దాల షాపులో చట్రాలు జనం ముక్కులకు సరిచేసే ఉద్యోగం ఆమెది. మొదట మర్యాదగానే మాట్లాడింది. జరిగింది జరిగినట్టు వంకలత్తయ్య చెప్పేసరికి ఆ మర్యాద కాస్తా కరిగిపోయింది.

"నాకు యాభై రెండేళ్లండీ" అంది. "మోకాళ్లకు మంచిదంటే ఈత క్లాసులో చేరాను. మూడు వారాలుగా లోతులేని వైపు గోడకున్న గొట్టం పట్టుకుని నిలబడుతున్నా. చెయ్యి వదల్లేకపోతున్నా. మా అమ్మేమో డెబ్భై దాటేదాకా ఈదింది. 'నాకెప్పుడూ నీళ్లంటే భయమే లేదు, నా కడుపున నువ్వెలా పుట్టావే' అంటుంది. చిన్నప్పట్నుంచీ అదే మాట. పోనీ పుస్తకం చూసైనా నేర్చుకుందామని వెతుకుతుంటే మీ వర్ణన కనబడింది. అందులో 'నేర్చుకోక చస్తానా' అన్న మాట చదివానండీ. మా అమ్మ ప్రతిదానికీ అదే అంటుంది. లేవక చస్తానా, వండక చస్తానా. మా ఇంటి పక్కన కాలవ ఉండేది. ఆ ఇల్లు మారినప్పుడు పాత పుస్తకాలన్నీ తూకానికి వేసేశారు. ఆ నడక వచ్చిన పిల్లని నేనే." అక్కడికి వచ్చేసరికి ఏడ్చేసింది. "మా అమ్మ కూడా భయపడిందండీ. అది ఒక్కసారి నా కళ్లతో చూడాలనుకున్నా. తీరా తెరిస్తే పేజీలు తెల్లగా ఉన్నాయి. అమ్మకు చూపిస్తే, ఏదీ, ఎక్కడుంది, అని ఇంకా నవ్వుతోంది."

వంకలత్తయ్య ఆ క్షణంలో తన ఎర్రక్షరాల సంగతి మరిచిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. మరిచిపోలేదు. కానీ దాన్ని తోసుకుని ఇంకా పెద్ద బాధొకటి ముందుకొచ్చింది. ఇల్లెక్కడో అడిగింది. ఊళ్లోనే, రెండు బస్సులు మారాలి. రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచింది.

"మీరూ రండి" అంది భర్తతో. "ఆ రబ్బరు ఇంట్లో పెట్టి రండి."

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీ పక్క కుర్చీలో డెబ్భై తొమ్మిదేళ్ల పెద్దావిడ, కళ్లద్దాలామె తల్లి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఎదురుగా బల్ల మీద ఆ పుస్తకం.

"నేను భయపడ్డానని చెప్పడానికి రెండు బస్సులు మారి వచ్చారా?" అంది పెద్దావిడ. "కూర్చోండి. కాఫీ ఇవ్వక చస్తానా."

వంకలత్తయ్య అలవాటుకొద్దీ ఆవిడను ఎగాదిగా చూసింది. వెన్ను నిటారు. మూలలు అరగలేదు. లోపల ఏదో దాచింది. ఇంక ఆలస్యం చేయకుండా రిజిస్టరు తెరిచి, ముప్పై ఏడు రాతలూ వరసగా చదివింది. ముక్కులోకి దూరే స్నేహితుడి దగ్గర పెద్దావిడ పెదవులు బిగబట్టింది. ఫొటో తీయించుకున్నాయన దగ్గర కాఫీ పొలమారింది. అయినా చివరికి గడ్డం ఎత్తింది.

"ఎవరో గానీ బాగా రాశారు. అయితే ఈ చేతిరాత నీది కదమ్మా. నాది చూపించు. చూపిస్తే ఒప్పుకోక చస్తానా."

కళ్లద్దాలామె తల వంచుకుంది. వంకలత్తయ్య రిజిస్టరు మూసింది. అప్పుడు, అంతదాకా గుమ్మం దగ్గరే చెప్పులు సర్దుతున్నట్టు నటిస్తున్న భర్త, మెల్లగా వచ్చి పుస్తకం తీసుకున్నాడు. ఒక పేజీ తెరిచి కళ్లకు ఎదురుగా కాకుండా పక్కవాటుగా పెట్టి చూశాడు.

"కర్టెన్ వెయ్యండమ్మా" అన్నాడు. "చిన్న టార్చి ఏమైనా ఉందా? ఫ్యాంటుకి ఇస్తిరీ మడత తప్పు పడితే, ఎన్ని ఉతుకులు ఉతికినా వెలుతురుకి పక్కగా పట్టుకుంటే కనబడుతుంది. నేను తీసింది పెన్సిల్ నలుపేనండీ. రాసినావిడ నొక్కిన నొక్కు నేనెలా తీస్తాను? ఆవిడ మంచి కోపంలో రాసింది."

కళ్లద్దాలామె సంచిలో షాపు టార్చి, భూతద్దం ఎప్పుడూ ఉంటాయి. కర్టెన్ పడింది. టార్చిని పేజీ అంచున బల్లకు ఆనించి పెట్టారు. తెల్లటి కాగితం మీద సన్నటి నీడలు లేచాయి. నీడలు కలిసి అక్షరాలయ్యాయి. "స్నేహితుడు" అని కళ్లద్దాలామె కూడబలుక్కుంటూ చదివింది. "ముక్కులోకి దూరడు."

ఇక ఆ గదిలో చిన్నపిల్లల అల్లరే అనుకోండి. వంకలత్తయ్య రిజిస్టరులోంచి పేజీ అంకె కేకేస్తుంది, భర్త టార్చి తిప్పుతాడు, కళ్లద్దాలామె భూతద్దంతో చదువుతుంది, ముగ్గురూ విరగబడి నవ్వుతారు. "పన్నెండు." "మునిగాను." "పదమూడు." "మళ్లీ మునిగాను." కాఫీ చల్లారిపోయినా ఎవరికీ పట్టలేదు. ఇరవై ఆరో పేజీ దగ్గర కళ్లద్దాలామె తడబడుతూ, "వాడు మెట్ల మీద నిలబడి" అని మొదలుపెట్టింది.

"వాడు కాదు, వీడు" అంది పెద్దావిడ కుర్చీలోంచి.

ముగ్గురూ తలెత్తి చూశారు. కుర్చీ ఆరడుగుల దూరంలో ఉంది, ఒక్కసారి విన్న ముప్పై ఏడు రాతల్లో ఒక్క అక్షరం తేడా ఎవరికీ అంత గుర్తుండదు. పెద్దావిడ కిటికీ వైపు తిరిగి, వేసి ఉన్న కర్టెన్‌ని చాలా శ్రద్ధగా చూడసాగింది.

ఎనభై ఎనిమిదో పేజీ వచ్చింది. 'తేలాను' అన్న మాట పెద్ద నీడలతో లేచింది. కళ్లద్దాలామె పుస్తకం మూయబోతే వంకలత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి. ఇక్కడ నాకు కారణం తెలియలేదు."

ఆవిడ కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఫ్యాక్టరీలో నల్ల గుడ్డ మీద సూది చిల్లు వెతికినట్టు వెతికింది. లావు అక్షరాల అడుగున ఇంకేవో సన్నటి అక్షరాలున్నాయి, రెండు వరసలు. భర్త అక్కడ వేలితో తడిమాడు. "ఇది నా పని కాదు. గట్టి రబ్బరు ఇది, చాలా పాతది. తుడిచినవాళ్లకు తుడవడం రాదు" అన్నాడు.

టార్చి ఇంకా కిందికి దించారు. ఈసారి చదివింది కళ్లద్దాలామె ఒక్కతే. చదవడానికి చాలాసేపు పట్టింది.

"పాప మెట్ల మీద కూర్చుని చూస్తోంది. ఏడవకూడదు."

టార్చి బల్ల మీద అలాగే వెలుగుతోంది.

"అది చెరిపేశానే" అంది పెద్దావిడ. గొంతులో ఇందాకటి బింకం లేదు. "అప్పుడే చెరిపేశాను. మనమున్న క్వార్టర్స్ వెనక ఈతకొలనులో ఆడవాళ్లకి వారానికి ఒక్క గంట ఇచ్చేవాళ్లు. నిన్ను ఎక్కడ వదిలి వెళ్లను. తువ్వాలు పట్టుకుని మెట్ల మీద కూర్చునేదానివి. నా ముఖమే చూసేదానివి. నేను ఏడిస్తే నువ్వూ ఏడుస్తావు, ఇక జన్మలో నీళ్ల దగ్గరికి రావు. అందుకని నవ్వాను. నీళ్లు మింగుతూ నవ్వాను. పెద్దయ్యాక చెబుదాంలే అనుకున్నా. ఎంత పెద్దయ్యాక చెప్పాలో తెలియలేదు."

"నేనొక్కదాన్నే పిరికిదాన్ననుకున్నానమ్మా" అంది కూతురు. "ఇన్నేళ్లూ."

"నాకంటే పిరికిదానివి నువ్వెలా అవుతావే" అంది తల్లి. అని నవ్వబోయి ఏడ్చింది. యాభై ఏళ్ల కింద ఏడవాల్సినది, తీరిగ్గా, చెంపల మీదుగా గడ్డం దాకా. కూతురు వెళ్లి ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది. వంకలత్తయ్య భర్త చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి దూది తీసింది. వంకలత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి" అంది.

కాసేపటికి పెద్దావిడ ముక్కు తుడుచుకుని, "పెన్సిలుందా" అని అడిగింది. కూతురు వెతకబోతుంటే, "వద్దు, పెన్నివ్వు. ఈయన ఉన్నాడుగా" అని డ్రైక్లీనింగ్ ఆయన వంక చూసింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నొక్కుల మీదే మొదటినుంచీ మళ్లీ రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ కొత్త తగువులు కూడా చేర్చింది. నీలం సిరా ఒక్కో పేజీ మీద పడుతుంటే వంకలత్తయ్య గుండె దడదడలాడింది. సిరా అంటే మాటలా. ఎనభై ఎనిమిదో పేజీ దగ్గర పెద్దావిడ ఆగి, చెరిపిన రెండు వరసలనూ అన్నిటికంటే గట్టిగా నొక్కి రాసింది.

కళ్లద్దాలామె ఫోను తీసి, తన మాట మార్చి, 'వర్ణించినట్టే ఉంది' నొక్కింది. నొక్కి చూపించింది కూడా.

"అలా ఎలా నొక్కుతారండీ" అంది వంకలత్తయ్య. చూడండి ఈవిడ సంగతి. పొద్దున ఆ మాటకోసం ప్రాణం పెట్టిన మనిషి. "ముప్పై ఎనిమిదుంటే నేను ముప్పై ఏడే రాశాను. పైగా ఇప్పుడంతా సిరా. అట్టడుగు మెట్టుకి పోయింది పుస్తకం."

"పోనివ్వండి" అంది కళ్లద్దాలామె కళ్లు తుడుచుకుంటూ.

వంకలత్తయ్య రిజిస్టరు తెరిచి, కారణం తెలియదు అన్న మాట కొట్టేసింది. పెన్ను ఎత్తి పెద్దావిడ వైపు చూసింది. "రాయనా?"

"రాయక చస్తావా" అంది పెద్దావిడ.

"కారణం: పాప చూస్తోంది" అని రాసుకుంది.

ఆ గురువారం పొద్దున ఈతకొలను దగ్గరికి ఆ మొగుడూపెళ్లాలిద్దరికీ పిలుపొచ్చింది. పెద్దావిడ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కూతురు గొట్టం పట్టుకుని నీళ్లలో నిలబడి ఉంది.

"నేను చూస్తుంటాలే" అంది తల్లి. "ఏడుపొస్తే ఏడువు."

కూతురు ఏడుస్తూనే చెయ్యి వదిలింది. మునిగింది. లేచి దగ్గింది. మళ్లీ వెనక్కి వాలింది. నీళ్లు కాసేపు కదిలి సర్దుకున్నాయి. తర్వాత తడి జుట్టు ముఖం మీంచి తోసుకుంటూ నిలబడి, ఒడ్డువైపు తిరిగి, "తేలానా?" అని అడిగింది. తల్లి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వంకలత్తయ్య వైపు చూసింది. కూతురూ అటే చూసింది. ఈవిడ ఉన్నదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పదని ఇద్దరికీ తెలుసు.

వంకలత్తయ్య గొంతు సవరించుకుంది.

"ఎడమ మోకాలు వంచారు" అంది. "ముక్కు ఒకసారి మునిగింది. గడ్డం బాగా బిగబట్టారు. కాళ్లు నేలకు ఆనలేదు. ఏడు అంకెలు లెక్కపెట్టాను. తేలారు."